రీజోనింగ్ హియరింగ్ నాటికే సగం కథ అయిపోతుంది: న్యూయార్క్‌లో ఆ ఫైలు ఎలా నడుస్తుందంటే

న్యూయార్క్‌లో కమ్యూనిటీ బోర్డు (ప్రాంతాల వారీగా ఉండే సలహా మండలి) మీటింగులు చాలావరకు స్కూలు ఆడిటోరియంలోనో చర్చి బేస్‌మెంటులోనో జరుగుతాయి. నేను వెళ్లిన ఒక మీటింగులో, పాత గోడౌన్లు ఉన్న స్థలంలో అపార్టుమెంట్లు కట్టుకుంటామని వేసిన రీజోనింగ్ అప్లికేషన్, అంటే ఆ స్థలంలో ఏం కట్టచ్చన్న నిబంధన మార్చమనే అప్లికేషన్, మీద చర్చ నడుస్తోంది. ఒక పెద్దావిడ వంతు వచ్చింది. మాట్లాడటానికి రెండు నిమిషాలు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం, అందులో వాళ్ల వీధి స్కూల్లో ఒక్కో క్లాసులో ఎంతమంది పిల్లలున్నారో రాసుకొచ్చింది. చదవడం అయ్యాక బిల్డర్ తరఫు లాయరు చాలా మర్యాదగా, "స్కూళ్ల సంగతి పర్యావరణ సమీక్షలో చూశామండీ, అదనంగా వచ్చే పిల్లల సంఖ్య పరిమితి దాటలేదు, అందుకని వివరమైన అధ్యయనం అక్కర్లేకపోయింది" అన్నాడు. ఆవిడ ఇంకేదో అడగబోయింది, టైం అయిపోయింది.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆవిడ చెప్పిందీ నిజమే. ఇద్దరి మాటా నిజమే అయినా అవి ఎందుకు కలవలేదో తెలుసుకుందామని నేను ఈ ఫైళ్లు చదవడం మొదలుపెట్టాను. అర్థమైంది ఏంటంటే, బయట అందరికీ కనిపించే ఏడు నెలల ప్రక్రియ ఈ వ్యవహారంలో రెండో సగమే. మొదటి సగం దాదాపు ఎవరికీ కనపడకుండా, ఒక్కోసారి రెండేళ్లకు పైగా నడుస్తుంది, ఏ ప్రశ్నలు అడగాలి, ఏవి అడగక్కర్లేదు అన్నది అక్కడే ఖాయమైపోతుంది.

ముందు జోనింగ్ గురించి రెండు మాటలు. సిటీలో ప్రతి స్థలానికీ మ్యాపులో ఒక కోడ్ ఉంటుంది. అక్కడ ఇళ్లు కట్టచ్చా, షాపులు పెట్టచ్చా, ఫ్యాక్టరీనా, ఎంత ఎత్తు, మొత్తం ఎంత ఫ్లోర్ ఏరియా అన్నవి ఆ కోడే చెబుతుంది. ఫ్లోర్ ఏరియా లెక్కని ఎఫ్‌ఏఆర్ అంటారు, మన దగ్గర ఎఫ్‌ఎస్‌ఐ అనేది అదే. పదివేల చదరపు అడుగుల స్థలం ఎం1-1 జోన్‌లో ఉందనుకోండి, ఎఫ్‌ఏఆర్ 1, అంటే పదివేల చదరపు అడుగుల గోడౌన్ కట్టుకోవచ్చు, ఇళ్లు మాత్రం కుదరవు. అదే స్థలం ఆర్7ఏ అనే ఇళ్ల జోన్ కిందకి మారి, కొంత భాగం తక్కువ అద్దె ఇళ్లకి కేటాయిస్తే, 2024 డిసెంబరులో వచ్చిన మార్పుల తర్వాత ఎఫ్‌ఏఆర్ 5.01 దాకా వెళ్తుంది. అంటే యాభైవేల చదరపు అడుగుల పైచిలుకు ఇళ్లు. నేలలో ఏ మార్పూ లేదు, మ్యాపులో కోడ్ మారితే చాలు, స్థలం విలువ ఎక్కడికో వెళ్లిపోతుంది. అందుకే ఒక్క కోడ్ కోసం ఇన్నేళ్లు, ఇంతమంది లాయర్లు.

ఉన్న కోడ్‌కి లోబడి కట్టుకుంటే ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, బిల్డింగ్స్ డిపార్ట్‌మెంట్ ప్లాన్ చూసి పర్మిట్ ఇస్తుంది. కోడే మార్చమని అడిగితే అప్పుడది సిటీ తన విచక్షణతో తీసుకునే నిర్ణయం అవుతుంది. అలాంటి నిర్ణయం అనగానే రెండు చట్టాలు ఒకేసారి లేస్తాయి, జనం తికమకపడేది సరిగ్గా ఇక్కడే. మొదటిది పర్యావరణ సమీక్ష. రాష్ట్రం 1975లో చేసిన చట్టాన్ని 1977 నుంచి సిటీ తన పద్ధతిలో అమలు చేస్తోంది, దాన్ని అందరూ సీకర్ అంటారు. రెండోది భూవినియోగ నిర్ణయం, పేరు యూలర్ప్, అది కూడా 1975లో సిటీ చార్టర్‌కి (సిటీకి రాజ్యాంగం లాంటిది) చేసిన సవరణతోనే వచ్చింది. సీకర్ పని, ఈ నిర్ణయం వల్ల ఏం జరుగుతుందో ముందే లెక్కగట్టి కాగితం మీద పెట్టడం, వీలైనంతలో నష్టాన్ని తగ్గించే మార్గాలు చూపించడం. యూలర్ప్ పని, అది చూసి అవునో కాదో చెప్పడం. సమీక్షలో పెద్ద నష్టం తేలితే ప్రాజెక్టు ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. నష్టం ఉందని రాసి, తగ్గించడానికి ఏం చేయగలమో రాసి, చేయలేనిది చేయలేమని కూడా రాసి, ఆ తర్వాత కూడా ఆమోదించవచ్చు. రాయకుండా ఆమోదిస్తేనే తప్పు.

ఈ ఊళ్లో ఇదంతా ఒక నీడతో మొదలైందని చెప్పుకోవచ్చు. 1915లో లోయర్ మాన్‌హట్టన్‌లో ఈక్విటబుల్ బిల్డింగ్ లేచింది, దాదాపు నలభై అంతస్తులు, అంచు నుంచి అంచు దాకా నిట్టనిలువు గోడ. చుట్టుపక్కల వీధులకి ఎండ పోయింది. మరుసటి ఏడాదే, 1916లో, సిటీ మొదటి జోనింగ్ నిబంధనలు తెచ్చింది. ఇప్పుడున్న నిబంధనలకి పునాది 1961 నాటిది. నూరేళ్లు దాటినా నీడ మీద గొడవలు మాత్రం తగ్గలేదు.

సీకర్ అసలు ఏం కొలుస్తుందో నీడ ఉదాహరణతోనే చెబుతాను. సిటీ మాన్యువల్ ప్రకారం, ఒక బిల్డింగ్ పొడవైన నీడ దాని ఎత్తుకి 4.3 రెట్లు పడుతుందని లెక్క. వంద అడుగుల బిల్డింగ్ అయితే 430 అడుగుల దూరం దాకా. ముందు మ్యాపు మీద ఆ వలయం గీస్తారు. అందులో పార్కు గానీ, రంగు అద్దాల కిటికీలున్న పాత చర్చి గానీ, ఎండ అవసరమైన ఇంకేదైనా గానీ పడకపోతే నీడ అధ్యాయం అక్కడితో సరి. పడితే అప్పుడు డిసెంబరు 21, మార్చి 21, మే 6, జూన్ 21 తేదీలకి, పొద్దు పొడిచిన గంటన్నర నుంచి పొద్దుగుంకే గంటన్నర ముందు దాకా, నీడ ఎటు నుంచి ఎటు జరుగుతుందో గీసి చూపిస్తారు. మే 6 ఎందుకంటే అది మొక్కలు పెరిగే కాలం. బ్రూక్లిన్ బొటానిక్ గార్డెన్ పక్కన, ఫ్రాంక్లిన్ అవెన్యూలో, రెండు 39 అంతస్తుల టవర్లు కడతామన్నప్పుడు కథ తిరిగింది ఈ బొమ్మల చుట్టూనే. తోట గాజు గదుల మీద, నర్సరీ మీద నీడ రోజుకి ఎన్ని గంటలు పడుతుందన్నది అందులో స్పష్టంగా ఉంది. 2021 సెప్టెంబరులో సిటీ ప్లానింగ్ కమిషన్ దాన్ని తిరస్కరించింది. కమిషన్ దగ్గర అలా తిరస్కారం రావడం చాలా అరుదు. తర్వాత అక్కడే ఫ్రాంక్లిన్ అవెన్యూలో బాగా పొట్టి నిర్మాణంతో కొత్త అప్లికేషన్ వచ్చి, 2024లో ఆమోదం పొందింది.

నీడ లాగే మొత్తం ఇరవై దాకా అంశాలున్నాయి. ట్రాఫిక్, స్కూళ్లు, పార్కులు, గాలి, శబ్దం, మురుగునీరు, పాత కట్టడాలు, ఉన్న జనం ఖాళీ చేయాల్సి రావడం, ఇలా. ప్రతిదానికీ ఒక గడప ఉంటుంది. రద్దీ గంటలో అదనంగా 50 వాహనాల ప్రయాణాలు రాకపోతే ట్రాఫిక్ వివరంగా చూడక్కర్లేదు, 200 సబ్‌వే ప్రయాణాలు రాకపోతే సబ్‌వే చూడక్కర్లేదు. ఎలిమెంటరీ, మిడిల్ స్కూలు పిల్లలు అదనంగా 50 మంది రాకపోతే స్కూళ్లు చూడక్కర్లేదు. ఆ పెద్దావిడ స్కూలు ఇప్పటికే కిక్కిరిసి ఉండొచ్చు గాక, సమీక్ష అడిగే ప్రశ్న మాత్రం వేరు: ఈ ప్రాజెక్టు వల్ల అదనంగా ఎంత?

ఆ 'అదనంగా' అన్న మాటలోనే ఉంది అంతా. సీకర్ రెండు భవిష్యత్తుల్ని పక్కపక్కన పెడుతుంది. రీజోనింగ్ జరగకపోతే ఫలానా సంవత్సరానికి ఆ స్థలం ఎలా ఉంటుంది, జరిగితే ఎలా ఉంటుంది. ఈ రెంటి మధ్య తేడానే ప్రభావం. కాబట్టి మొదటి భవిష్యత్తులో ఏం ఊహించారన్నది రెండోదాని అంత ముఖ్యం. 'రీజోనింగ్ లేకపోయినా ఇక్కడ పాత కోడ్ ప్రకారం పెద్ద హోటలో స్టోరేజి బిల్డింగో వచ్చేది' అని రాస్తే తేడా చిన్నదైపోతుంది, కొన్ని అధ్యాయాలు గడప దాటకుండానే ఆగిపోతాయి. 'గోడౌన్ గోడౌన్‌లానే ఉండేది' అని రాస్తే తేడా పెద్దదవుతుంది. అలాగే రెండో భవిష్యత్తులో బిల్డర్ చెప్పిన ప్లాను ఒక్కటే చూస్తే చాలదు, కొత్త కోడ్ కింద ఆ స్థలంలోనూ, పక్కన రీజోనింగ్‌లో కలిసిన ఇతర స్థలాల్లోనూ సహేతుకంగా వచ్చే గరిష్ఠ నిర్మాణాన్ని ఊహించాలి. ఏ పక్క స్థలం రాబోయే పదేళ్లలో కట్టేట్టుంది, ఏది కట్టేట్టు లేదు అనే ఊహ ఉంటుందే, అది ఒక పట్టికలో, ఒక్కో వరుసలో కూర్చుని ఉంటుంది. ఈ కాగితాల్లో నేను ముందు తెరిచేది ఆ పట్టికే. ఒక వీధిలో అద్దె నియంత్రణ ఉన్న పాత బిల్డింగులని 'కట్టే అవకాశం లేదు' అని పక్కన పెట్టారా లేదా అన్నదాని మీద, ఖాళీ చేయాల్సి వచ్చే కుటుంబాల లెక్క మొత్తం ఆధారపడుతుంది.

ఈ పత్రాలు రాసేది బిల్డర్ డబ్బిచ్చి పెట్టుకున్న కన్సల్టెంట్లు. బాధ్యత మాత్రం ప్రధాన ఏజెన్సీది, ప్రైవేటు రీజోనింగ్‌లో సాధారణంగా ప్లానింగ్ కమిషనే. ప్లానింగ్ డిపార్ట్‌మెంట్ ఉద్యోగులు ఒక్కో అధ్యాయాన్ని చదివి, దిద్దమని వెనక్కి పంపి, మళ్లీ చదివి, ఇలా నెలల తరబడి నడుస్తుంది. ముందు చిన్న పత్రం ఈఏఎస్ వస్తుంది. అది చూసి, చెప్పుకోదగ్గ ప్రభావం లేదని తేలిస్తే నెగెటివ్ డిక్లరేషన్, సమీక్ష అక్కడితో ముగుస్తుంది. ఉండొచ్చనిపిస్తే పాజిటివ్ డిక్లరేషన్, అంటే పూర్తి స్థాయి పర్యావరణ ప్రభావ నివేదిక, ఈఐఎస్, రాయాలి. పేర్లు చూసి తారుమారుగా అర్థం చేసుకునేవాళ్లు చాలామందే. ఇక్కడ నెగెటివ్ వస్తే బిల్డర్‌కి సంతోషం.

ఈఐఎస్ రాయాలంటే ముందు స్కోపింగ్ ఉంటుంది: ఏ అంశాలు చూస్తారో, ఏ ఊహలతో చూస్తారో డ్రాఫ్ట్ పెట్టి, జనాన్ని పిలిచి ఒక మీటింగు పెడతారు, రాతపూర్వక అభిప్రాయాలు తీసుకుంటారు. నా ఉద్దేశంలో మామూలు మనిషి మాటకి అన్నిటికన్నా బలం ఉండేది ఈ మీటింగులోనే, కానీ వచ్చేవాళ్లు చాలా తక్కువ, ఎందుకంటే అప్పటికి వీధిలో ఎవరికీ ప్రాజెక్టు గురించి పెద్దగా తెలియదు. పాంప్లెట్లు పంచడం, బ్యానర్లు కట్టడం అన్నీ తర్వాతే మొదలవుతాయి.

ఇంకో అధ్యాయం గురించి చెప్పాలి, దాని గురించి బయట ఎవరూ మాట్లాడరు గానీ నాకది చాలా విలువైనదనిపిస్తుంది. నేల కింద ఏముందన్నది. పాత పారిశ్రామిక స్థలాల్లో ఇళ్లు కడుతున్నారు కాబట్టి, కన్సల్టెంట్ ముందు శాన్‌బార్న్ మ్యాపులు తీస్తాడు, ఒకప్పుడు అగ్ని బీమా కంపెనీల కోసం వీధి వీధీ గీసిన మ్యాపులవి. ఒక్కో స్థలానికి వేర్వేరు దశాబ్దాల షీట్లు వరసగా పెట్టి చూస్తే, ఒకచోట గుర్రపుశాల, తర్వాత గ్యారేజీ, పక్కన పెట్రోలు ట్యాంకు గుర్తు, ఆ తర్వాత డ్రైక్లీనర్. డ్రైక్లీనింగ్‌కి వాడిన ద్రావకం నేలలోకి దిగితే దశాబ్దాల తర్వాత కూడా ఆవిరి రూపంలో పైన కట్టిన ఇంటి బేస్‌మెంటులోకి రాగలదు. అలాంటి అనుమానం ఉంటే జోనింగ్ మ్యాపు మీద ఆ స్థలానికి 'ఈ' (ఇంగ్లీషు అక్షరం E) గుర్తు వేస్తారు. ఆ గుర్తున్న చోట మట్టి, ఆవిరి పరీక్షలు చేసి, శుభ్రం చేసే ప్రణాళికకి సిటీ పర్యావరణ శుద్ధి కార్యాలయం ఒప్పుకుంటే తప్ప బిల్డింగ్ పర్మిట్ రాదు. స్థలం చేతులు మారినా గుర్తు పోదు. బిల్డర్లకి ఇదో ఖర్చు, ఆలస్యం. రేపు ఆ గ్రౌండ్‌ఫ్లోర్ ఇంట్లో పాకే పసిబిడ్డ సంగతి ఆలోచిస్తే, ఈ నిబంధన ఉన్నందుకు సంతోషంగా ఉంటుంది.

ఇవన్నీ అయ్యాక, డ్రాఫ్ట్ ఈఐఎస్ గానీ నెగెటివ్ డిక్లరేషన్ గానీ చేతికొచ్చాక, అప్లికేషన్ పూర్తిగా ఉందని సర్టిఫై చేస్తారు. యూలర్ప్ గడియారం అప్పుడు మొదలవుతుంది. కమ్యూనిటీ బోర్డుకి 60 రోజులు, బరో (సిటీలోని ఐదు పెద్ద విభాగాల్లో ఒకటి) ప్రెసిడెంట్‌కి 30, ప్లానింగ్ కమిషన్‌కి 60, సిటీ కౌన్సిల్‌కి 50. మొదటి ఇద్దరిదీ సలహా మాత్రమే. సిటీలో 59 కమ్యూనిటీ బోర్డులు, జీతం లేని సభ్యులు, వాళ్లు ఏకగ్రీవంగా వద్దన్నా ఫైలు ముందుకు పోతుంది. అయితే ఆ సలహా వృథా అనుకోవద్దు, కౌన్సిల్ సభ్యుడు బేరానికి కూర్చున్నప్పుడు చేతిలో ఉండేది ఆ కాగితమే.

ఈ గడియారం నడిచేటప్పుడు, ముందు జరిగిన సమీక్ష గోడలా అడ్డొస్తుంది. కమిషన్ గానీ కౌన్సిల్ గానీ మార్పులు చేయాలంటే, అవి సమీక్షలో చూసిన పరిధి లోపలే ఉండాలి. ఎనిమిది అంతస్తులు అధ్యయనం చేస్తే ఆరుకి తగ్గించొచ్చు, పన్నెండుకి పెంచలేరు, ఎందుకంటే పన్నెండు అంతస్తుల ప్రభావం ఎవరూ లెక్కగట్టలేదు. కౌన్సిల్ మార్పులు ప్రతిపాదిస్తే కమిషన్‌కి 15 రోజులు వెనక్కి పంపి పరిధిలో ఉన్నాయా లేదా అడుగుతారు కూడా. అనుభవమున్న బిల్డర్లు అందుకే తమకి నిజంగా కావాల్సినదానికంటే కాస్త ఎక్కువే అధ్యయనం చేయించుకుంటారు, చివర్లో తగ్గడానికి చోటుండాలని. జనం 'రెండంతస్తులు తగ్గించగలిగాం' అని సంతోషపడుతుంటే, ఆ రెండంతస్తులు తగ్గించడానికే పెట్టినవి అయ్యుండొచ్చు.

కౌన్సిల్ దగ్గర అసలు బలం చాలాకాలంగా ఒక్క మనిషి చేతిలో ఉండేది, ఆ ప్రాంతపు కౌన్సిల్ సభ్యుడి చేతిలో. చట్టంలో ఎక్కడా లేదు, ఆనవాయితీ అంతే: ఆ సభ్యుడు ఎటంటే మిగతావాళ్లు అటు. 2022లో క్వీన్స్‌లో ఇన్నొవేషన్ క్యూఎన్ఎస్ ప్రాజెక్టులో తక్కువ అద్దె ఇళ్ల వాటా దాదాపు 45 శాతానికి పెరిగింది ఆ బేరంలోనే. అదే ఏడాది హార్లెంలో 145వ వీధి ప్రాజెక్టుని స్థానిక సభ్యురాలు వ్యతిరేకించడంతో బిల్డర్ వెనక్కి తీసుకున్నాడు, కొన్ని నెలలకి ఆ స్థలంలో లారీల పార్కింగ్ వచ్చింది. బేరం కుదిరితే ఇళ్లు, కుదరకపోతే పక్కవాళ్లకి డీజిల్ పొగ. రెండూ చూసిన జనం 2025 నవంబరులో చార్టర్ మార్పులకి ఓటేశారు. తక్కువ అద్దె ఇళ్లున్న ప్రాజెక్టుని కౌన్సిల్ తిరస్కరిస్తే లేదా మార్పులు చేస్తే, మేయరు, కౌన్సిల్ స్పీకరు, బరో ప్రెసిడెంట్ ముగ్గురితో ఒక అప్పీలు బోర్డు ఉంటుంది, ఇద్దరు కలిస్తే నిర్ణయం తిరగరాయొచ్చు. చిన్నపాటి మార్పులకి కమ్యూనిటీ బోర్డు, బరో ప్రెసిడెంట్ సమీక్షలు ఒకేసారి జరిగి, కౌన్సిల్ దాకా వెళ్లకుండా ముగిసే పొట్టిదారి కూడా వచ్చింది. ఇది మంచిదే అని నేననుకుంటున్నా, ఒక్క సభ్యుడి మీద వేల ఇళ్లు ఆధారపడటం సరికాదు. కానీ కౌన్సిల్ బేరం బలహీనపడేకొద్దీ, మొదటి సగంలో రాసిన ఊహలకి బరువు ఇంకా పెరుగుతుంది.

సమీక్ష వైపు కూడా దారి పొట్టిదవుతోంది. 2024 జూన్ నుంచి, నిబంధనలకి సరిపోయే చిన్న ప్రాజెక్టులు, చాలా ప్రాంతాల్లో 250 ఇళ్ల లోపు, తక్కువ సాంద్రత ఉన్నచోట 175 లోపు, సీకర్ అవసరమే లేకుండా నేరుగా వెళ్లొచ్చు. నూటయాభై ఇళ్ల ప్రాజెక్టుకి వందల పేజీలు రాసి చివరికి 'ప్రభావం లేదు' అని తేల్చడం ఎవరికీ మేలు చేయలేదు, ఆ ఖర్చు అద్దెల్లోకే వచ్చి చేరేది.

కోర్టుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చివరికి చాలామంది అక్కడికే వెళ్తామంటారు. తుది నిర్ణయం నుంచి నాలుగు నెలల్లోపు కేసు వేయాలి. జడ్జి ప్రాజెక్టు మంచిదా చెడ్డదా అని చూడరు, సంబంధిత విషయాల్ని ఏజెన్సీ గట్టిగా పరిశీలించిందా, కారణాలు రాసిందా అని మాత్రం చూస్తారు. ఇన్‌వుడ్ రీజోనింగ్‌ని 2018లో ఆమోదించారు, జనం లేవనెత్తిన కొన్ని ప్రశ్నలు, జాతుల వారీగా ఎవరి మీద ఎంత ప్రభావం అన్నదాంతో సహా, సమీక్షలో చూడలేదని 2019 డిసెంబరులో కింది కోర్టు కొట్టేసింది. 2020 జులైలో పై కోర్టు ఆ తీర్పుని తిప్పేసి రీజోనింగ్‌ని నిలబెట్టింది. కేసు ఓడిపోయినా ప్రశ్న పోలేదు. 2021లో కౌన్సిల్ చట్టం చేసింది, 2022 నుంచి పెద్ద రీజోనింగ్‌లన్నిటికీ జాతి సమానత్వ నివేదిక జతచేయాలి.

ఆ మీటింగు అయ్యాక బయట మెట్ల మీద ఆ పెద్దావిడతో కాసేపు మాట్లాడాను. వాళ్ల వీధికి ఇంకో చివర ఇంకో స్థలం ఉందట, అక్కడా ఎవరో కొలతలు తీసుకుంటున్నారట. ప్లానింగ్ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో వెతికితే ఆ ఫైలు దొరికింది, ఇంకా ముందస్తు దశలోనే ఉంది. పెద్దదే, ఈఐఎస్ రాయాల్సి రావచ్చు, అంటే స్కోపింగ్ మీటింగు రావచ్చు. అక్కడ రాతపూర్వకంగా ఇచ్చిన ప్రశ్నకి తుది స్కోపులో జవాబు రాస్తారు, డ్రాఫ్ట్ ఈఐఎస్ మీద ఇచ్చిన విషయమున్న ప్రతి అభ్యంతరానికీ తుది ఈఐఎస్‌లో జవాబు రాయాలి. కమ్యూనిటీ బోర్డులో రెండు నిమిషాల మైకుకి ఆ బలం లేదు. ఆవిడ మడత కాగితం వెనక్కి తిప్పి, ఫైలు నంబరు రాసుకుంది. ఆ కిందే రాసుకున్న మొదటి ప్రశ్న స్కూలు గురించి కాదు. రీజోనింగ్ లేకపోతే ఆ స్థలంలో ఏం వస్తుందని వాళ్లు రాస్తున్నారు అని.